పాట రాసే చదువు

కాంచన ప్లస్ టూ ఫలితాలు వచ్చిన మర్నాడే జనార్ధనం తిరువళ్ళూరు నుంచి తిరుత్తణిలో చెల్లెలి ఇంటికి వచ్చేశాడు. ఆయన వల్లియమ్మకు అన్న, కాంచనకు మేనమామ. వీరరాఘవస్వామి గుడి వీధిలో ఆయనకు బట్టల అంగడి ఉంది. తమ నేతవాళ్ళ కుటుంబాల్లో మగ్గం దిగి గల్లాపెట్టె ముందు కూర్చున్న మొదటి మనిషి తనేనని ఆయనకు గట్టి గర్వం. అందుకే చెల్లెళ్ళ పిల్లలు ఏం చదవాలో, ఎక్కడ చదవాలో ఆయనే చెప్పేవాడు. ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

"బీకాం," అన్నాడు చెప్పులు విప్పుతూనే. "మా ఊరి కాలేజీలో మాట్లాడేసినా. మా ఇంట్లోనే ఉంటాది. పొద్దున కాలేజీ, సాయంత్రం అంగట్లో నాకు తోడు. మూడేండ్లు పోతే బ్యాంకు పరీక్ష రాసుకోవచ్చు."

కాంచన తండ్రి దొరస్వామి మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. బావ మాట వింటూనే ఉన్నాడుగానీ దారాల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపలేదు. వల్లియమ్మ కాఫీ తేవడానికి లేచింది. నూలు కండెలు చుడుతున్న కాంచన రాట్నం వదలకుండానే అంది:

"నేను బీకాం చదవను మామా."

నాడె ఆగింది.

"మరేం చదవతావు?" అన్నాడు జనార్ధనం.

"పాటలు రాసేదానికి ఏ చదువుంటే ఆ చదువు."

జనార్ధనం నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "వల్లీ, నీ కూతురు చెప్పేది విన్నావా? పాటలు రాసేదానికి చదువంట! పాటలు రాసేవాళ్ళు యాడన్నా చదివినారా? చదివినోళ్ళు యాడన్నా పాటలు రాసినారా?"

ఆయన నవ్వుకు కారణం లేకపోలేదు. ఆ వీధిలో కాంచన పాటలు తెలియని ఆడది లేదు. నూలు చుట్టేటప్పుడు, మగ్గానికి పడుగు పోసేటప్పుడు ఆమె కట్టిన పాటలే పాడుకునేవాళ్ళు. ఆ ముందటేడు ఆడికృత్తిక పండక్కి చిత్తూరు నుంచి కావడి మోసుకొచ్చిన ఆడవాళ్ళు వీళ్ళ అరుగు మీద సేద తీరుతూ ఒక పాట విని, మళ్ళీ మళ్ళీ పాడించుకుని, దాన్ని పాడుకుంటూనే తిరుత్తణి స్వామి కొండెక్కారు.

"కొండెక్కినా కొరత తీరలే, యాడున్నావు సామీ?
ఇద్దురాండ్ల మొగుడివి గదా, ఒక్క మాట పలకవేమి?"

దేవుణ్ణి అంత మాట అన్నందుకు ముసలివాళ్ళు చెంపలేసుకున్నారు. అయినా పాడటం మానలేదు. ఇదంతా జనార్ధనానికీ తెలుసు. కానీ ఆయన లెక్కలో పాట వేరు, బతుకు వేరు. పాట అనేది పని చేసుకుంటూ పాడుకునేది. అదే పని అంటే ఆయనకు నవ్వు రాక ఏం చేస్తుంది?

"ఏ చదువో తెలుసునా నీకు?" అన్నాడు దొరస్వామి గుంటలోంచే.

"తెలీదు నాయనా. కనుక్కోవాల."

"సరే. కనుక్కుందాం," అని దొరస్వామి మళ్ళీ నాడె అందుకున్నాడు.

ఆ ఒక్క మాటకే కాంచనకు గుండె నిండిపోయింది. జనార్ధనం మాత్రం కాఫీ సగం తాగి లేచాడు. "కనుక్కోండి, కనుక్కోండి. కాలేజీవాళ్ళు సీటు పెట్టుకోని మీ కోసం కాచుకోని ఉంటారా?" అనేసి పోయాడు.

ఆమె మొదట వెళ్ళింది ధర్మలింగం సార్ ఇంటికి. ఆయన బళ్ళో తమిళం చెప్పేవాడు. కాంచన రాసిన వ్యాసాలను తక్కిన క్లాసుల్లో చదివి వినిపించేవాడు. ఆమె చెప్పింది విని ఆయన నవ్వలేదు.

"తమిళ బీఏ చెయ్," అన్నాడు తన తమిళంలో. "అందులో ఆలోచించడానికి ఏముంది? ఛందస్సు నీకు ఇప్పుడే సగం వచ్చు. మద్రాసు పక్కనే. సినిమావాళ్ళు, నాటకాలవాళ్ళు, రేడియో, అందరూ అక్కడే ఉన్నారు. నువ్వు రాస్తే తప్పు పట్టేవాడు లేడు."

"నా పాటలు తెలుగులో కదా సార్ ఉండేది."

"తెలుగు చదవడం వచ్చా నీకు?"

కాంచన తల దించుకుంది. రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బళ్ళో నేర్చింది తమిళ అక్షరాలు. తెలుగు పాటల్ని ఆమె తమిళ అక్షరాలతోనే రాసుకునేది.

"చూశావా? ఉన్న కాళ్ళు వదిలేసి లేని రెక్కల కోసం ఏడుస్తానంటున్నావు. పన్నెండేళ్ళు నేర్చుకున్నది పారేసి మళ్ళీ అ ఆల దగ్గర కూర్చుంటావా?"

ఆయన చెడ్డవాడైతే జవాబు చెప్పడం తేలికయ్యేది. కాంచన ద్వారబంధం పట్టుకుంది.

"తమిళంలో రాస్తే తప్పు రాదు సార్. నిజమే. తప్పు రాకుండా రాస్తా, అంతే. తెలుగులో రాసేటప్పుడు నాకే నవ్వొస్తుంది, నాకే ఏడుపొస్తుంది."

ధర్మలింగం కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. ఆయనకు కష్టం కలిగిందని ఆమెకు తెలిసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

తరవాత తండ్రీకూతుళ్ళు రైలెక్కి మద్రాసులో ఒక సంగీత కళాశాలకు వెళ్ళారు. పాట అంటే సంగీతమే కదా, అక్కడ నేర్పకపోతే ఎక్కడ నేర్పుతారని దొరస్వామి ఆలోచన. అక్కడ పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ వీళ్ళని మర్యాదగానే కూర్చోబెట్టి, కాంచనను ఒక కీర్తన పాడమంది. కీర్తనలు రావని చెప్పి కాంచన తన కావడి పాట పాడింది.

"గొంతు బాగుంది. ఎవరు రాశారిది?"

"నేనే."

"ఓ," అందావిడ. ఆ 'ఓ'లో కోపం లేదు, ఆసక్తి కూడా లేదు. "చూడమ్మా, ఇక్కడ పెద్దలు రాసినవి పాడటం నేర్పుతాం. అవి పాడటానికే ఒక జన్మ చాలదు. రాయడం మా పాఠాల్లో లేదు."

"మరి యాడ నేర్పతారమ్మా?"

"నాకు తెలిసి ఎక్కడా నేర్పరు."

తిరుగు రైల్లో దొరస్వామి దిగులుగా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కాంచనకు మాత్రం దిగులు రాలేదు, ఒళ్ళు మండింది. ఊరంతా పాటలతోనే నిద్ర లేస్తుంది, పాటలతోనే పెళ్ళి చేస్తుంది, పాటలతోనే కాటికి పంపుతుంది. అవి రాసేవాళ్ళకు మాత్రం చదువు ఎక్కడా లేదట!

"ఎవరూ నేర్పకపోతే పోనీ నాయనా," అంది. "నాకు మాటలు కావాల. మాటలు యాడ ఎక్కువ దొరకతాయో ఆడికే పోతా. పాట కట్టుకునేది నేను చూసుకుంటా. తిరుపతిలో తెలుగు బీఏ ఉందంట. రేపే పోదాం."

తిరుపతి ఆడపిల్లల కాలేజీలో తెలుగు శాఖకు రత్నస్వామి పెద్ద. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. ఆయన ఒక కాగితం ఇచ్చి, ఏదైనా నాలుగు వాక్యాలు రాయమన్నాడు. కాంచన రాసి ఇచ్చింది. ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇది అరవం కదమ్మా?"

"తెలుగే సార్. అక్షరాలు తమిళం. చదవతాను వినండి."

గదిలో ఉన్న మరో ఇద్దరు లెక్చరర్లు పకపకా నవ్వారు. రత్నస్వామి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. దొరస్వామి గుమ్మం దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. కాంచన వేయలేదు.

"నవ్వండి సార్. లిపి వచ్చుంటే ఇక్కడికి వచ్చే పనేముంది నాకు? నేర్చుకునేదానికే గదా కాలేజీ పెట్టినారు?"

"కాలేజీ పెట్టింది అక్షరాభ్యాసం చేయించడానికి కాదమ్మా," అన్నాడాయన. నవ్వు మాత్రం తగ్గింది. "సీటు ఇవ్వాలంటే నీకు తెలుగు చదవడం, రాయడం వచ్చని నేను సంతకం పెట్టాలి. వచ్చే నెల రెండో సోమవారం మధ్యాహ్నం రా. నేను ఇచ్చిన విషయం మీద తెలుగు అక్షరాల్లో వ్యాసం రాయాలి. రాస్తే చూద్దాం. లేకపోతే మీ ఊళ్ళో తమిళం చదువుకో, సుఖపడతావు."

"వస్తా సార్," అంది కాంచన.

వీధి చివర ఇంట్లో కన్నియమ్మ అవ్వ ఉండేది. నగరి పక్క పల్లెలో పుట్టి తిరుత్తణికి కోడలిగా వచ్చిన మనిషి. ఆ వీధిలో తెలుగు పుస్తకం విప్పి చదవగలిగింది ఆమె ఒక్కతే. కాంచన ఆమె ఇంట్లో సుద్దముక్క పట్టుకుని నేల మీద కూర్చుంది. గుండ్రటి అక్షరాలు చెయ్యి తిరగడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. చిక్కంతా ఒత్తుల దగ్గర వచ్చింది. తమిళంలో ఒక్క 'క'తో నాలుగు శబ్దాల పని జరిగిపోయేది. ఇక్కడ నాలుగింటికీ నాలుగు అక్షరాలున్నాయి. 'భ' రాయాల్సిన చోట 'బ' రాసేది, 'ధ' ఉండాల్సిన చోట 'ద' పెట్టేది.

"పొట్ట కింద గీత మరిచిపోయినావే. గీత లేకపోతే ధనం దనమైపోతాది," అనేది అవ్వ.

"రెండింట్లో ఏదీ మన దగ్గర లేదులే అవ్వా," అనేది కాంచన, చెరిపి మళ్ళీ రాస్తూ.

బస్టాండుకు పోయి చిత్తూరు బస్సుల మీద బోర్డులు చదివేది. తెలుగు పత్రిక పొట్లంగా కట్టి ఏ అంగడివాడు ఏమిచ్చినా, పొట్లం విప్పి చదివేది. వీధిలో పిల్లలు ఆమెను 'ఒత్తులక్కా' అని పిలిచి పరిగెత్తేవాళ్ళు.

పరీక్ష నాలుగు రోజులుందనగా జనార్ధనం మనిషిని పంపాడు. సోమవారం పొద్దున తిరువళ్ళూరు కాలేజీ ప్రిన్సిపాల్ పిల్లను చూడాలన్నాడట. ఆ రోజు రాకపోతే సీటు ఇంకొకరికి పోతుందట. రెండూ ఒక్క సోమవారమే.

"నేను తిరువళ్ళూరికి పోను," అంది కాంచన. "తిరుపతికి నేరుగా బస్సెక్కతా."

అంతవరకు నోరు విప్పని వల్లియమ్మ అప్పుడు విప్పింది. "పోవాల."

"అమ్మా!"

"మా అన్న నీ పేరు చెప్పి ఒకరికి మాట ఇచ్చినాడు. నీకు వద్దంటే వద్దు. నేను చదవమని చెప్పలే. కానీ వద్దనేది నువ్వే పోయి, ఆయన ఎదురుగ్గా, ఆ ప్రిన్సిపాల్ ఎదురుగ్గా వద్దను. ముఖం చాటేసి ఇంకో ఊరి బస్సెక్కినావంటే, నువ్వు భయపడి పారిపోయినట్టు. నా కూతురు అట్ల పోకూడదు."

కాంచన తల్లిని కొత్తగా చూసింది.

సోమవారం పొద్దున కాంచన, దొరస్వామి, జనార్ధనం ముగ్గురూ ప్రిన్సిపాల్ ముందు కూర్చున్నారు. జనార్ధనం ఇస్త్రీ పంచె, మల్లెపువ్వు లాంటి చొక్కాతో వచ్చాడు. కాంచన మార్కులు చూసి ప్రిన్సిపాల్ తల ఊపాడు.

"లెక్కల్లో మంచి మార్కులే. బీకాం ఎందుకు చదవాలనుకుంటున్నావమ్మా?" అన్నాడు.

"అనుకోలేదు సార్," అంది కాంచన. "మా మామ నా మంచికోసరం అడిగినారు. నాకు ఈ సీటు వద్దు సార్. కావాలని ఏడ్చేవాళ్ళు ఎవురో బయట ఉంటారు, వాళ్ళకియ్యండి. నేను తెలుగు బీఏలో చేరేదానికి మధ్యాహ్నం తిరుపతిలో పరీక్ష రాయాల."

జనార్ధనం ముఖం నల్లబడింది. "బుద్ధి తక్కువ పిల్ల సార్, పట్టించుకోవద్దు..." అంటూ లేచాడు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు.

అప్పుడు దొరస్వామి లేచాడు. ప్రిన్సిపాల్‌కు దండం పెట్టాడు. తరవాత బావ చేతిని మెల్లగా కూతురి చెయ్యి మీదనుంచి తీశాడు.

"బావా, కోపం ఉంటే నన్ను తిట్టు. సాయంత్రం మా ఇంటికి రా, కూర్చోని తిడుదువుగాని. ఇప్పుడు మాకు బస్సుకి టైమయింది."

బయటికొచ్చి ఇద్దరూ దాదాపు పరిగెత్తారు. మద్రాసు నుంచి వచ్చే తిరుపతి బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడటానికే చోటు దొరికింది. ఆ బస్సు తిరుత్తణి బస్టాండులో ఆగినప్పుడు తమ వీధి మొగదల కనపడింది. తెలిసినవాళ్ళెవరో చెయ్యి ఊపారు. అక్కడ దిగిపోతే ఏ గొడవా ఉండదు, జనార్ధనం కాళ్ళు పట్టుకుంటే సీటూ దక్కుతుంది. దొరస్వామి కూతురి ముఖంలోకి చూశాడు. ఆమె పైకడ్డీ పట్టుకుని పెదాలు కదుపుతోంది. భ, ధ, ఘ, ఢ. ఆయన ఏమీ అడగకుండా కిటికీలోంచి వేరుశనక్కాయలు కొన్నాడు.

నగరి దాటాక చెక్‌పోస్టులో బస్సు చాలాసేపు నిలిచిపోయింది. కాలేజీకి చేరేసరికి పరీక్ష వేళ దాటిపోయింది. రత్నస్వామి గొడుగు తీసుకుని బయల్దేరుతున్నాడు.

"ఇదా రావడం?"

"బస్సు నిలిపేసినారు సార్. పూర్తి టైము ఇయ్యొద్దు. మిగిలిన టైమే ఇయ్యండి."

ఆయన గడియారం చూశాడు. చెమటతో తడిసిన పిల్లను, గేటు బయట ఆగిపోయిన తండ్రిని చూశాడు. గొడుగు మళ్ళీ గోడకు ఆనించాడు. "మీ ఊరు గురించి రాయి," అన్నాడు.

కాంచన రాసింది. కొండ గురించి రాయలేదు. కొండ దిగి వచ్చేవాళ్ళ గురించి రాసింది. కాళ్ళు బొబ్బలెక్కి, గుండు మీద గంధం ఎండిపోయి, మొక్కు తీరిందన్న తేలికతో అరుగుల మీద కూలబడే ఆడవాళ్ళ గురించి, వాళ్ళు నీళ్ళు తాగుతూ చెప్పుకునే మాటల గురించి రాసింది. రత్నస్వామి చాలు అన్నప్పుడు, ఒక ముసలమ్మ నీళ్ళు తాగి ఏదో అనబోయే వాక్యం మధ్యలో కలం ఎత్తేసింది.

రత్నస్వామి ఎర్రసిరా కలం తీసుకుని చదివాడు. ఆయన కలం ఆడినంతసేపూ కాంచన కళ్ళు దాని మీదే ఉన్నాయి. కాగితం ఎర్రబడిపోయింది.

"ఒత్తులు సగం లేవు," అన్నాడు చివరకు. "పైగా ఇదేం భాష? యాడ, వచ్చినాడు, కూచోనుంది. పుస్తకాల్లో ఇలా రాస్తారా?"

"ఒత్తులు తప్పు సార్. దిద్దుకుంటా. ఎన్నిసార్లంటే అన్నిసార్లు దిద్దుకుంటా," అంది కాంచన. "కానీ 'యాడ' తప్పు కాదు. మా అమ్మ మాట అది. దాన్ని దిద్దను."

"నేను దిద్దుతాను కదా?"

"మీరు దిద్దండి. నేను మళ్ళీ రాస్తా."

ఆయన కళ్ళు చిన్నవి చేసి ఆమెను చూశాడు. కోపం వచ్చిందని కాంచన అనుకుంది. సీటు పోయిందనే అనుకుంది. పోతే పోనీ, వచ్చే ఏడు మళ్ళీ వస్తానని మనసులో లెక్క కూడా వేసుకుంది. ఆయన కాగితం చివరి వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"ఇక్కడ ఆపేశావు. ఆ ముసలమ్మ నీళ్ళు తాగి ఏమంది?"

"'వచ్చే ఏడు నేను రానులే సామీ, నువ్వే రా' అనింది సార్."

రత్నస్వామి ఆమె దరఖాస్తు దగ్గరికి లాక్కున్నాడు. దాని మీద సంతకం పెట్టాడు. "మూడేళ్ళూ నీకూ నాకూ పోట్లాటే," అన్నాడు కలం మూత పెడుతూ.

"సరే సార్," అంది కాంచన.

ఆ సాయంత్రం జనార్ధనం నిజంగానే ఇంటికొచ్చాడు. నడింట్లో కూర్చుని, నలుగురిలో తన తల తీసేశారని అరిచాడు. పాటలు తిని బతకమన్నాడు. వల్లియమ్మ అన్నకు మజ్జిగ ఇచ్చింది. అంతా విని చెప్పింది: "నీ ఎదురుగ్గా వచ్చి చెప్పింది గదన్నా. నీ వెనక అబద్ధం ఆడలే." ఆయన మజ్జిగ ముట్టకుండా వెళ్ళిపోయాడు. రెండు దీపావళులు వాళ్ళ ఇంటి గడప తొక్కలేదు. మూడో దీపావళికి చీరలు పంపాడుగానీ తాను మాత్రం రాలేదు. కాంచన ఆ చీర కట్టుకుని తనే తిరువళ్ళూరు వెళ్ళి ఆయన కాళ్ళకు దండం పెట్టి వచ్చింది. క్షమించమని మాత్రం అడగలేదు.

ధర్మలింగం సార్ మాట కూడా కొంత నిజమైంది. మొదటి ఏడాది వ్యాకరణం పేపరు తప్పింది. పాత పద్యాల ముందు రోజుల తరబడి గుడ్డిదానిలా కూర్చుంది. హాస్టల్లో ఆమెను అరవపిల్ల అన్నారు, ఇంటికొస్తే వీధిలోవాళ్ళు తిరుపతి పంతులమ్మ అన్నారు. తప్పిన పేపరు మళ్ళీ రాసి గట్టెక్కింది. వెనక్కి వస్తానని మాత్రం ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు.

కానీ అదంతా తరవాతి మాట. కాలేజీ తెరిచిన మొదటి రోజు రత్నస్వామి హాజరు పిలిచాక పుస్తకం మూసి, తెలుగు బీఏలో ఎందుకు చేరారో ఒక్కొక్కరూ లేచి చెప్పమన్నాడు. మొదటి బెంచీ అమ్మాయి సైన్సులో సీటు రాలేదంది. రెండో అమ్మాయికి పెళ్ళి కుదిరేదాకా ఏదో ఒకటి చదవమన్నారట. ఇంకొకామె తెలుగైతే సులువు కదా సార్ అంది. అందరూ అలాగే మెల్లగా చెప్పి, సిగ్గుపడి కూర్చుంటున్నారు.

కాంచన వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"పాటలు రాసేదానికి వచ్చినా సార్."

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలో ఎవరో 'వచ్చినా' అని ఆమె యాసను ఎత్తి పలికారు. నవ్వు ఇంకా పెరిగింది. చెవులు వేడెక్కాయి. పక్కనున్న అమ్మాయి జాలిపడి కొంగు పట్టి కిందికి లాగింది.

కాంచన కొంగు విడిపించుకుంది. నవ్వేవాళ్ళ వైపు తిరిగి, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ, ఆ నవ్వు పూర్తిగా ఆగేదాకా అలాగే నిలబడింది. తరవాత కూర్చుని పుస్తకం తెరిచింది.